లిఫ్ట్ చేసిన థార్‌కు పెద్ద టైర్లు: ఎక్కడా రాసుకోకుండా బిగించడం ఎలా?

"అన్నా, రెండంగుళాల లిఫ్ట్ చేయించా. ఇప్పుడు 285 టైర్లు వేస్తే బాడీకి రాసుకోవు కదా?" తొలకరి పడిందంటే చాలు, మహీంద్రా థార్ ఉన్నవాళ్ల నుంచి ఈ ప్రశ్న నాకు వారానికి రెండు మూడుసార్లు వస్తుంది. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే టైర్లు కొనేసి ఉంటారు. ఐదు టైర్లంటే చిన్న ఖర్చు కాదు. రిమ్ముకు ఎక్కించాక షాపువాడు వెనక్కి తీసుకోడు. అందుకే కొనకముందు ఏం చూడాలో, కొన్నాక ఎలా బిగించాలో, బిగించాక ఎలా పరీక్షించాలో అంతా ఒకేచోట రాస్తున్నాను.

ఒక్క సంగతి మాత్రం ముందే మనసులో పెట్టుకోండి. సస్పెన్షన్ లిఫ్ట్ (స్ప్రింగుల దగ్గర మార్పు చేసి లేపడం) బండిని ఎత్తుతుంది కానీ టైరుకు కొత్తగా చోటేమీ ఇవ్వదు. గుంతలో పడ్డప్పుడు చక్రం పైకి లేచి బంప్ స్టాప్‌కు (చక్రాన్ని అంతకుమించి లేవనివ్వని రబ్బరు దిమ్మెకు) తగిలి ఆగుతుంది. లిఫ్ట్‌కు ముందు ఎక్కడ ఆగేదో, తర్వాతా దాదాపు అక్కడే ఆగుతుంది. ఇంటిముందు నిలబెట్టిన బండికి టైరు పైన జానెడు ఖాళీ కనిపించి సంబరపడతాం. ఆ ఖాళీ అంతా చక్రం కింద ఉన్నప్పటిది. రాసుకోవడం జరిగేది చక్రం పూర్తిగా పైకి లేచి, అదే సమయంలో స్టీరింగ్ పూర్తిగా తిరిగి ఉన్నప్పుడు. మనం కొలవాల్సింది ఆ స్థితిలోనే.

బాడీ లిఫ్ట్ సంగతి వేరు. ఛాసిస్‌కూ బాడీకీ మధ్య దిమ్మెలు పెట్టి బాడీని ఎత్తుతారు కాబట్టి టైరు పైన నిజంగానే చోటు పెరుగుతుంది. కానీ స్టీరింగ్ షాఫ్ట్, గేర్ లివర్లు, రేడియేటర్ హోసులు, బంపర్ వరస, ఇవన్నీ సర్దాలి. మన దగ్గర దాన్ని శుభ్రంగా చేయగలిగినవాళ్లు తక్కువ. ఇక్కడ సస్పెన్షన్ లిఫ్ట్ గురించే చెబుతాను.

ఉదాహరణకు 2020లో వచ్చిన మూడు డోర్ల థార్‌ను తీసుకుంటున్నాను. ముందు డబుల్ విష్‌బోన్ ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రానికి పైనొక ఆర్మ్, కిందొక ఆర్మ్, రెండు చక్రాలూ విడివిడిగా లేస్తాయి), వెనక కాయిల్ స్ప్రింగుల మీద నిలిచే సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు). మారుతి జిమ్నీ వాళ్లకు తేడా ఉన్నచోట విడిగా చెబుతాను, దానికి ముందూ వెనకా రెండూ సాలిడ్ యాక్సిళ్లే.

మొదలుపెట్టే ముందు చట్టం మాట

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చి చెప్పింది. లిఫ్ట్ కిట్ అమ్మేవాడు "ఏం కాదన్నా" అంటాడు కానీ చెక్‌పోస్టు దగ్గర నిలబడేది మీరు. ప్రమాదం జరిగితే క్లెయిమ్ దగ్గర ఇన్సూరెన్స్ కంపెనీ ముందు చూసేదీ ఇదే. ఆర్టీఏ ఆఫీసులో అడిగి, ఇన్సూరెన్స్ వాళ్ల నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకుని, ఆ తర్వాత నిర్ణయించుకోండి. పాత టైర్లు, రిమ్ములు, స్ప్రింగులు అమ్మేయకండి. ఫిట్‌నెస్ సమయానికో, బండి అమ్మేటప్పుడో అవసరం పడతాయి.

కావలసినవి

ట్రాలీ జాకీ, కనీసం రెండు జాకీ స్టాండ్లు, చక్రాలకు అడ్డం పెట్టడానికి చెక్క దిమ్మెలు. వీల్ పానా, టార్క్ రెంచ్. టేపు, స్టీలు స్కేలు, సుద్దముక్క. హీట్ గన్, తోలు గ్లవ్స్, పదునైన కట్టర్, చిన్న హాక్సా, జింక్ ప్రైమర్, కొత్త ప్లాస్టిక్ క్లిప్పులు. గట్టిగా కలిపిన చపాతీ పిండి ఓ పెద్ద ముద్ద, కాస్త పాలిథిన్ కాగితం, రెండు అగరుబత్తి పుల్లలు కూడా పక్కన పెట్టుకోండి. పిండి ఎందుకో తర్వాత చెబుతాను. తోడుగా ఒక మనిషి ఉండాలి. ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే ఒకరు బయట నుంచి చూడాలి కాబట్టి ఒంటరిగా ఈ పని కాదు.

1. టైరు ఎంత పెరుగుతోందో కాగితం మీద వేయండి

టైరు మీద 255/65 ఆర్18 అని ఉంటే, 255 వెడల్పు మిల్లీమీటర్లలో, 65 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, 18 రిమ్ము అంగుళాలు. లెక్క ఇలా: 255 × 0.65 = 165.75. అలాంటి పక్కగోడలు పైనా కిందా రెండు, అంటే 331.5. రిమ్ము 18 × 25.4 = 457.2. మొత్తం వ్యాసం 788.7 మి.మీ. థార్‌లో అల్లాయ్ చక్రాలున్న బండికి కంపెనీ ఇచ్చేది ఇదే. 16 అంగుళాల రిమ్ములున్న బండికి 245/75 ఆర్16 వస్తుంది, దాని వ్యాసం 774 మి.మీ.

ఇప్పుడు మీరు అడిగే సైజులు 255/65 ఆర్18తో పోల్చి చూడండి:

265/65 ఆర్18 వ్యాసం 801.7. పైకి, ముందుకు, వెనక్కి 6.5 మి.మీ. పెరుగుతుంది. లోపలికి, బయటికి చెరో 5 మి.మీ.
275/65 ఆర్18 వ్యాసం 814.7. చుట్టూ 13 మి.మీ., పక్కలకు చెరో 10.
285/65 ఆర్18 వ్యాసం 827.7. చుట్టూ 19.5 మి.మీ., పక్కలకు చెరో 15.

జిమ్నీకి వచ్చేది 195/80 ఆర్15, వ్యాసం 693. దానికి 215/75 ఆర్15 వేస్తే చుట్టూ 5 మి.మీ. పెరుగుతుంది, పక్కలకు చెరో 10. అందరూ ఆశపడే 235/75 ఆర్15 వేస్తే చుట్టూ 20, పక్కలకు 20. చిన్న బండి కాబట్టి అక్కడ ఈ 20 మి.మీ. థార్‌లోకంటే చాలా ఎక్కువ.

కాగితం లెక్కను పూర్తిగా నమ్మకండి. ఒకే సైజు అని రాసి ఉన్నా రెండు కంపెనీల టైర్లు వెడల్పులో తేడాగా ఉంటాయి. మడ్ టెర్రెయిన్ (బురద కోసం చేసిన) టైరు భుజాల మీద బొడిపెలు బయటికి పొడుచుకు వస్తాయి. అవి లెక్కలో రావు, లైనర్‌ను (మడ్గార్డు లోపలి ప్లాస్టిక్ పొరను) ముందు పట్టుకునేవి మాత్రం అవే. ఆల్ టెర్రెయిన్ టైరుతో ఎక్కడా తగలని బండి, అదే సైజు మడ్ టైరుతో తగలడం చాలాసార్లు చూశాను.

నా మాట అడిగితే, లిఫ్ట్ లేని థార్‌కు 265, రెండంగుళాల లిఫ్ట్ ఉన్నదానికి 275 హాయిగా ఉంటాయి. 285 కావాలంటే ప్లాస్టిక్ కోయడానికి సిద్ధపడే కొనండి.

2. ఇప్పుడున్న టైరుతోనే ఖాళీలు కొలవండి

దీన్ని ఎవరూ చేయరు. చేసినవాళ్లు నాకు ఫోన్ చేయరు.

సమతలంగా ఉన్న చోట బండి నిలిపి, స్టీరింగ్‌ను ఎడమకు పూర్తిగా తిప్పండి. ముందు చక్రాలు రెండింటి దగ్గరా నాలుగు చోట్ల కొలవండి: టైరుకూ బంపర్ అంచుకూ మధ్య, టైరుకూ వెనక లైనర్‌కూ మధ్య (మడ్ ఫ్లాప్ దగ్గర, దాని పైన బాడీ రేకుల అతుకు దగ్గర), టైరు లోపలి గోడకూ పై ఆర్మ్‌కూ మధ్య, లోపలి గోడకూ ఛాసిస్‌కు లేదా యాంటీ రోల్ బార్‌కూ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీకి) మధ్య. తర్వాత కుడికి తిప్పి మళ్లీ కొలవండి. ఎనిమిది కొలతలు, రెండు చక్రాలకు పదహారు. కాగితం మీద రాసుకోండి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ఇప్పుడు ఒకటో మెట్టులో వచ్చిన అంకెలు వీటిలోంచి తీసేయండి. వెనక లైనర్ దగ్గర ఖాళీ 25 ఉండి టైరు 19.5 పెరిగితే మిగిలేది 5.5. అది సిమెంటు రోడ్డుకు సరిపోవచ్చు. నల్లరేగడిలో సరిపోదు. ఆ మట్టి టైరుకు పట్టుకుని, లైనర్ లోపల వేలెడు మందాన పేరుకుంటుంది. వానాకాలంలో వికారాబాద్ వైపు కోటిపల్లి దారుల్లో బండి నడిపినవాళ్లకు తెలుసు, కిందికి దిగి చూస్తే టైరూ మడ్గార్డూ కలిసిపోయినట్టుంటాయి. అందుకే రోడ్డు బండికి పది మి.మీ. చాలనుకుంటే, బురదలో దిగే బండికి పాతిక మి.మీ. మిగిలేలా చూడండి. ఎర్రమట్టి, రాతి నేలల్లోనే తిరిగేవాళ్లు పదిహేనుతో సర్దుకోవచ్చు.

జిమ్నీ వాళ్లు ముఖ్యంగా ముందు రేడియస్ ఆర్మ్ (యాక్సిల్‌ను ఛాసిస్‌కు కలిపే పొడవాటి ఆర్మ్) దగ్గర కొలవాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి గోడ ముందు తగిలేది అక్కడే. ఇంకోటి, లిఫ్ట్ చేస్తే పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కలకు జరగకుండా పట్టే కడ్డీ) యాక్సిల్‌ను ఒక పక్కకు లాగుతుంది. అందువల్ల ఒక టైరు ఎక్కువ బయటికి, ఒకటి లోపలికి ఉంటుంది. ఒకే పక్క రాసుకుంటోందని వచ్చే జిమ్నీల్లో కారణం చాలావరకు ఇదే. టైరును అనే ముందు సర్దుబాటున్న పాన్‌హార్డ్ రాడ్ వేసి యాక్సిల్‌ను నడిమికి తెచ్చుకోండి.

3. చక్రం పూర్తిగా లేచినప్పుడు చూడండి

ఇది చేయడానికి రెండు దారులున్నాయి.

సులువైనది: పొలం గట్టో, గట్టిపడిన మట్టి దిబ్బో చూసుకుని, ముందు ఎడమ చక్రం ఒక దిబ్బ మీద, వెనక కుడి చక్రం ఇంకో దిబ్బ మీద వచ్చేలా బండిని మెల్లగా ఎక్కించండి. లోపల నలుగురు కూర్చోవాలి. మూలకు మూల ఎదురుగా లేస్తే ముందు ఎడమ చక్రం బాగా లోపలికి నొక్కుకుంటుంది. బండి ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేర్‌లో ఉంచి, స్టీరింగ్ రెండు వైపులా మెల్లగా తిప్పమనండి. మీరు దూరం నుంచి టార్చి వేసి చూడండి. చక్రానికీ బాడీకీ మధ్య చెయ్యి పెట్టొద్దు. బండి కొంచెం జారినా వేళ్లు పోతాయి.

కచ్చితమైనది: మెకానిక్ దగ్గర స్ట్రట్‌ను (స్ప్రింగూ షాకప్సరూ కలిసిన భాగాన్ని) మొత్తంగా విప్పించి, యాంటీ రోల్ బార్ లింకు ఊడదీసి, ఛాసిస్‌ను స్టాండ్ల మీద నిలిపి, చక్రాన్ని కింద నుంచి జాకీతో బంప్ స్టాప్ తగిలేవరకు లేపడం. అప్పుడు అసలు స్థితి కళ్లముందుంటుంది. స్ట్రట్ లోపలే బంప్ స్టాప్ ఉన్న బళ్లకు ఈ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే చక్రాన్ని ఆపేది స్ట్రట్‌తో పాటే బయటికి పోతుంది. ముందు బంప్ స్టాప్ ఎక్కడుందో చూసుకోండి. స్ట్రట్‌ను మొత్తంగా దించడమే, దాని స్ప్రింగును మాత్రం ఇంట్లో విప్పే ప్రయత్నం ఎప్పుడూ చేయకండి. నొక్కి ఉన్న స్ప్రింగు ఎగిరితే మనిషి ప్రాణమే పోవచ్చు.

లిఫ్ట్ కూడా ఇక్కడే పరీక్షించుకోండి. ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న బండికి రెండంగుళాలు దాటితే చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు మరీ వంపు తిరిగి, వాటి మీది రబ్బరు తొడుగులు చిరుగుతాయి. స్ట్రట్ మీద దిమ్మె పెట్టి ఎత్తినవాళ్లు ఇంకోటి తెలుసుకోవాలి: దిమ్మె మందం కంటే చక్రం దగ్గర లిఫ్ట్ ఎక్కువ వస్తుంది. అంగుళం దిమ్మె పెట్టి అంగుళమే లేచిందనుకోకండి, టేపుతో కొలవండి.

4. రిమ్ము ఆఫ్‌సెట్, స్పేసర్లు: ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడ

రిమ్ము వెనక ఈటీ అని ఒక అంకె ఉంటుంది, ఆఫ్‌సెట్ అంటే అదే. ఆ అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి జరుగుతుంది. ఈటీ 20 తగ్గితే చక్రం 20 మి.మీ. బయటికి వస్తుంది. 285 టైరు లోపలికి 15 పెరిగింది కదా, ఇప్పుడు 20 బయటికి జరిగింది, అంటే పై ఆర్మ్ దగ్గర పాతదానికంటే 5 మి.మీ. ఎక్కువే మిగిలింది. బాగానే ఉందనిపిస్తుంది.

బయటి పక్క లెక్క చూడండి: 15, దానిపై 20, మొత్తం 35 మి.మీ. బయటికి. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తన మధ్యలో తిరగదు. కింగ్‌పిన్ గీత (చక్రం లోపలి పక్క దాదాపు నిటారుగా ఉండే ఊహాగీత) చుట్టూ తిరుగుతుంది. బయటికి జరిగిన చక్రం తిరిగేటప్పుడు ముందుకీ వెనక్కీ ఎక్కువ చోటు ఊడుస్తూ పోతుంది. లోపల రాసుకోవడం పోయి, బంపర్ అంచునూ వెనక లైనర్‌నూ పట్టుకోవడం మొదలవుతుంది.

మా బంధువులబ్బాయి బండికి జరిగింది ఇదే. పై ఆర్మ్ దగ్గర తగులుతోందని ఒక షాపులో 30 మి.మీ. స్పేసర్లు (హబ్‌కూ రిమ్ముకూ మధ్య పెట్టే బిళ్లలు) వేశారు. ఆ సాయంత్రమే యూటర్న్ తీసుకుంటే లైనర్ ఊడి చక్రంలో చుట్టుకుంది. ఇంటికి తెచ్చాక చూస్తే వెనక క్లిప్పులు ఐదు తెగిపోయి, వాషర్ ట్యాంకు పైపు నలిగి ఉంది. అదృష్టం బాగుండి బ్రేకు హోసు తెగలేదు.

కాబట్టి ఎక్కడ తగులుతోందో తెలిసేదాకా స్పేసర్ జోలికి పోకండి. లోపలే తగులుతుంటే, ఎన్ని మి.మీ. కావాలో అంతే బయటికి జరిపే రిమ్ము వెతకండి. వేయక తప్పదంటే హబ్ మీద కచ్చితంగా కూర్చునే స్పేసర్ తీసుకోండి. బోల్టుల మీదే బరువు పడే పల్చటి రేకు స్పేసర్లు వద్దు. రిమ్ము కొనేటప్పుడు బోల్టుల సంఖ్య, పీసీడీ (బోల్టులు కూర్చునే వలయం వ్యాసం), నడిమి రంధ్రం మూడూ సరిచూసుకోండి. జిమ్నీకి ఐదు బోల్టులు, పీసీడీ 139.7, నడిమి రంధ్రం 108 మి.మీ.

5. ఐదు కొనకముందు ఒక్కటి ఎక్కించి చూడండి

టైరు షాపుతో ముందే మాట్లాడండి: ఒక్క టైరు రిమ్ముకు ఎక్కించి, గాలి నింపి, నా బండికి పెట్టి చూపించండి, సరిపోతే ఐదూ మీ దగ్గరే తీసుకుంటాను అని. మంచి షాపులు ఒప్పుకుంటాయి. ఒప్పుకోకపోతే అదే సైజు టైర్లు వేసుకున్న స్నేహితుడి చక్రం ఒక గంట అడిగి తెచ్చుకోండి. ముందు ఎడమకు పెట్టి రెండు వైపులా తిప్పి చూడండి. తర్వాత ముందు కుడికి పెట్టి చూడండి. రెండు పక్కలూ ఒకేలా ఉంటాయనుకోవద్దు.

వెనక చక్రాలకు స్టీరింగ్ లేదు కాబట్టి సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఒక పక్క పూర్తిగా లేచినప్పుడు లోపలి లైనర్, స్ప్రింగు, షాకప్సర్ దగ్గర చూస్తే చాలు.

6. ఎక్కడ తగులుతుందో అక్కడే, ఈ వరసలో సర్దండి

ముందు మడ్ ఫ్లాప్. సగం కేసులు ఇక్కడే తీరిపోతాయి. స్క్రూలు విప్పి, ఫ్లాప్‌ను కత్తిరించండి లేదా వెనక్కి జరిపి బిగించండి. పూర్తిగా తీసేయొద్దు. వెనక వచ్చే బైకువాడి మొహాన రాళ్లు పడతాయి.

తర్వాత లైనర్. క్లిప్పులు తీసి, వెనక ఏముందో ముందు చూడండి. వైర్లు, వాషర్ ట్యాంకు ఉంటే వాటిని పక్కకు కట్టేయండి. తర్వాత హీట్ గన్‌ను ఒకేచోట ఆపకుండా ఆడిస్తూ లైనర్‌ను వేడిచేయండి. ప్లాస్టిక్ మెరుపు తగ్గి, నొక్కితే లొంగే స్థితికి వస్తుంది. అప్పుడు గ్లవ్స్ వేసుకున్న చేత్తో చెక్క దిమ్మె పెట్టి వెనక్కి నొక్కి, చల్లారేదాకా అలాగే పట్టుకోండి. ముందే వదిలితే మళ్లీ పాత ఆకారానికి వచ్చేస్తుంది. పొగ వస్తే వేడి ఎక్కువైనట్టు, ఆపేయండి. కొందరు లైనర్‌ను మొత్తంగా పీకేస్తారు. ఒక్క వానాకాలం గడిచేసరికి బురదంతా హెడ్‌లైట్ కనెక్టర్లలో చేరుతుంది. అలా చేయకండి.

ఆ తర్వాత బంపర్ కింది మూల. ప్లాస్టిక్ బంపరైతే, సుద్దతో గీత గీసి, కావలసినదానికంటే తక్కువే కోసి, పెట్టి చూసి, మళ్లీ కోయండి. ఒకేసారి ఎక్కువ కోసేస్తే తిరిగి అతకడం కుదరదు. రెండో పక్కకు మొదటి ముక్కనే అచ్చుగా వాడండి. అంచును సాన కాగితంతో నున్నగా రుద్దండి, పదునుగా వదిలేస్తే టైరు పక్కగోడను కోస్తుంది.

చివరగా బాడీ రేకుల అతుకు. లైనర్ వెనక రెండు రేకులు కలిసి నిటారుగా నిలిచే అంచు అది. దాన్ని కోయకూడదు, స్పాట్ వెల్డింగులు ఊడతాయి. సుత్తితో మెల్లగా వెనక్కి మడిచి, పెయింటు పగిలిన చోట గరుకు కాగితంతో రుద్ది, జింక్ ప్రైమర్ రెండు పూతలు, ఆపైన సీలర్ వేయండి. ప్రైమర్ మరిచిపోతే సముద్రం పక్కన ఉండేవాళ్లకు ఏడాది తిరగకముందే తుప్పు కనిపిస్తుంది. విశాఖ, కాకినాడ వైపు వాళ్లు దీన్ని గట్టిగా పట్టించుకోవాలి.

బాడీ మౌంటు (బాడీని ఛాసిస్‌కు బిగించే చోటు), ఛాసిస్, ఆర్మ్‌లు, వీటిని ఎవరేం చెప్పినా కోయొద్దు. అక్కడిదాకా వచ్చిందంటే టైరు సైజు తప్పు.

7. ఇంకా పైన తగులుతుంటే

చక్రం పూర్తిగా లేచినప్పుడు మాత్రమే పైన తగులుతోందంటే, దానికి మందు బంప్ స్టాప్‌ను పొడిగించడమే. 10 నుంచి 20 మి.మీ. ఎక్కువ పొడవున్నది వేస్తే చక్రం కనీసం అంత తక్కువ లేస్తుంది. "అంత ఖర్చుపెట్టి లిఫ్ట్ చేయించింది చక్రం పైకీ కిందికీ చేసే ప్రయాణం తగ్గించుకోవడానికా?" అంటారు. లైనర్‌ను నమిలే ప్రయాణం వల్ల లాభం లేదు. సాలిడ్ యాక్సిల్ ఉన్న జిమ్నీకి, థార్ వెనక యాక్సిల్‌కూ ఇది తక్కువ ఖర్చుతో తీరే పని.

పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే, చివరి కొద్దిలో తగులుతోందంటే, నకిల్ (హబ్‌ను పట్టి చక్రాన్ని తిప్పే భాగం) దగ్గర స్టీరింగ్ స్టాప్ బోల్టు ఉన్న బళ్లలో దాన్ని కొంచెం బయటికి తిప్పి లాక్, అంటే స్టీరింగ్ తిరిగే మేర, తగ్గించవచ్చు. యూటర్న్‌కు కాస్త ఎక్కువ చోటు కావాలి, అంతే. వెనక లైనర్ దగ్గరే రాసుకుంటూ ముందు ఖాళీ ఉంటే అలైన్‌మెంట్ వాళ్లను అడగండి. కింది ఆర్మ్‌లో సర్దుబాటు ఉంటే కాస్టర్ (కింగ్‌పిన్ గీత వెనక్కి వాలే కోణం) పెంచుతూ చక్రాన్ని కొన్ని మి.మీ. ముందుకు జరపొచ్చు. ఎలాగూ లిఫ్ట్ తర్వాత అలైన్‌మెంట్ తప్పనిసరి.

8. బిగించడం

బండిని చదునైన చోట పెట్టి, ఎదురు చక్రాలకు దిమ్మెలు అడ్డం పెట్టండి. జాకీ ఎత్తడానికి మాత్రమే. ఎత్తాక స్టాండ్ల మీదికి దించండి. జాకీ మీద నిలిచిన బండి కింద తల పెట్టొద్దు. హబ్ ముఖం మీది తుప్పును వైరు బ్రష్‌తో తీయండి, లేకపోతే చక్రం సరిగా కూర్చోదు, నట్లు తర్వాత వదులవుతాయి. నట్లు చేత్తో తిప్పి ఎక్కించి, ఎదురెదురుగా బిగిస్తూ రండి. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో, బండి మాన్యువల్‌లో రాసిన అంకెకు. ఎయిర్ గన్‌తో దబదబా బిగించే షాపులో మీరే పక్కన నిలబడి ఆపండి. వంద కిలోమీటర్లు తిరిగాక మరోసారి టార్క్ చూడండి.

స్టెప్నీ మరవొద్దు. అదీ అదే సైజు ఉండాలి. ఫోర్ బై ఫోర్ థార్‌లో ఉన్నది పార్ట్ టైమ్ పద్ధతి, మనం వేసినప్పుడే నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందుతుంది. 4హెచ్‌లో (నాలుగు చక్రాలూ లాగే హై గేరులో) వేస్తే ముందు వెనక షాఫ్టులు ఒకే వేగంతో తిరగాలి. పంక్చరై చిన్న స్టెప్నీ వేసుకుని, మూడు పెద్దవి, ఒకటి చిన్నది పెట్టి అడవిలో 4హెచ్ వేశారంటే ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందుకూ వెనక్కూ పంచే గేరు పెట్టె) మీద ఒత్తిడి పడుతుంది. పెద్ద టైరు బరువుకు వెనక డోరు కీళ్లు కుంగుతున్నాయా, కెమెరాకూ బ్రేకు లైటుకూ అడ్డం వస్తోందా అన్నది కూడా చూడండి.

9. పిండి పరీక్ష

ఇప్పుడు చపాతీ పిండి తీయండి. లైనర్, బంపర్ మూల, పై ఆర్మ్ దగ్గర, అనుమానం ఉన్న ప్రతి చోటా శుభ్రంగా తుడిచి, వేలెడు లావు ముద్దలు అతికించండి. టైరు వైపు ఉండే ముఖం మీద పాలిథిన్ కాగితం వేయండి, లేకపోతే టైరు పిండిని లాక్కుపోతుంది. టైరు భుజాల మీద సుద్ద రాయండి.

బండిని మెల్లగా నడపండి. ఎడమకు పూర్తిగా తిప్పి ముందుకు, అలాగే తిప్పి వెనక్కి. కుడికీ అంతే. రివర్స్‌లో తగలడం చాలామంది చూడరు. ముందుకు పోయినప్పుడు తప్పించుకున్న అంచు వెనక్కి వచ్చినప్పుడు పట్టుకుంటుంది. తర్వాత నలుగురిని ఎక్కించుకుని ఒక స్పీడ్ బ్రేకర్ దాటండి. స్టీరింగ్ సగం తిప్పి ఒక గుంతలోకి మెల్లగా దిగండి. తిప్పి ఉంచి బ్రేకు వేయండి. చివరగా మూడో మెట్టులోని దిబ్బల మీద మళ్లీ ఎక్కించండి.

ఆగి చూడండి. ముద్ద నొక్కుకున్న చోట అగరుబత్తి పుల్ల గుచ్చి, ఎంత లోతు దిగిందో స్కేలుతో కొలవండి. అంత ఖాళీ మిగిలిందన్నమాట. పది మి.మీ. కంటే తక్కువ ఉన్న చోటుకు ఆరో మెట్టు మళ్లీ చేయండి. సుద్ద అంటిన చోటు ఉంటే అక్కడ నేరుగా తగిలినట్టే.

బ్రేకు హోసు, ఏబీఎస్ వైరు కూడా చూడండి. చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు అవి బిగుసుకుపోకూడదు, తిప్పినప్పుడు టైరుకు తగలకూడదు.

10. రోడ్డు మీదికి వెళ్లాక

స్పీడోమీటర్: 255/65 నుంచి 285/65కు వస్తే చుట్టుకొలత 4.9 శాతం పెరుగుతుంది. పాత టైర్లతో మీటరు 100 చూపినప్పుడు పోయే వేగానికి ఇప్పుడు దాదాపు 5 శాతం కలపాలి. ఫోన్ జీపీఎస్ పెట్టుకుని ఖాళీ రోడ్డు మీద 60, 80, 100 దగ్గర తేడా రాసుకోండి. మీటరు 10,000 కిలోమీటర్లు తిరిగిందంటే బండి నిజానికి 10,490 దాకా తిరిగినట్టు, సర్వీసు కాస్త ముందే చేయించండి.

గాలి: పాత స్టిక్కర్ మీది అంకెతో మొదలుపెట్టి, ట్రెడ్‌కు అడ్డంగా సుద్ద గీత గీసి, వంద మీటర్లు నేరుగా నడపండి. మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లో చెరిగితే తక్కువ. అంతటా సమానంగా చెరిగేదాకా సర్దండి.

హెడ్‌లైట్లు: బండి లేచింది కాబట్టి వెలుగు ఎదుటివాడి కళ్లలో పడుతుంది. గోడ ముందు నిలిపి దించండి. బ్రేకులు కూడా మొదటి రోజు ఖాళీ రోడ్డు మీద నాలుగైదుసార్లు వేసి చూడండి. బరువైన టైరు ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది.

మొదటి బురద ప్రయాణం అయ్యాక ప్రెషర్ వాష్ చేయించి, లైనర్లలోకి టార్చి వేయండి. నల్లటి ప్లాస్టిక్ మీద గీసినట్టు మెరిసే చోటు ఎక్కడున్నా టైరు అక్కడ తగిలింది. చేత్తో తడిమితే నున్నగా తగులుతుంది. ఆ చోటు సుద్దతో గుర్తుపెట్టి, హీట్ గన్ మళ్లీ తీయండి. టైరు పక్కగోడ మీద కూడా అలాంటి మెరుపే వలయంలా కనిపిస్తే మాత్రం బండిని ఆ రోజే ఆపేయండి. ఆ టైరును విప్పించి లోపలి వైపు కూడా చూసుకోకుండా హైవే ఎక్కకండి.